చైనాకు బయల్దేరిన మాస్టారు

మా వీధిలో అరువు తీసుకెళ్లిన నిచ్చెన ఎప్పుడు తిరిగిస్తావని ఎవరినైనా అడిగితే, "మాస్టారు చైనా వెళ్లొచ్చాక" అనేవారు. డాబా మీద మట్టి ఎప్పుడు మెత్తిస్తావని పెళ్లాం అడిగినా మొగుడి దగ్గర అదే జవాబు. పదకొండేళ్లపాటు ఆ మాట మా సందులో సామెతలా చెల్లిపోయింది. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే కొంచెం సిగ్గుగానే ఉంది గాని, నవ్వు మాత్రం ఇంకా వస్తూనే ఉంది.

నా పేరు యదుల్లా. టెహ్రాన్‌కు దూరంగా, ఎడారి అంచున ఉన్న యజ్ద్ పాత ఊళ్లో, మసీదు వెనక సందు మలుపులో నాది సైకిళ్ల కొట్టు. పని తెలిసినవాణ్ణని అందరూ ఓస్తా అంటారు. నాకు కోపం ఎక్కువని కూడా అంటారు. ఏడాదిపాటు చైనుకు చుక్క నూనె వెయ్యకుండా తొక్కి, "ఓస్తా, వెనక ఏదో కీచుమంటోంది" అని వచ్చేవాణ్ణి చూస్తే కోపం రాక ప్రేమ పుట్టుకొస్తుందా? మాస్టారి మీద మాత్రం నా కోపం ఎక్కువసేపు నిలిచేది కాదు. ఆయన సైకిలు చైను మా ఇంటి గిన్నెలకన్నా శుభ్రంగా ఉండేది.

మాస్టారి పేరు ఖొద్రతుల్లా. పట్టు నేసేవాళ్ల ఇంట్లో, మా సందులోనే పుట్టారు. ముప్పై ఒక్క ఏళ్లు మగపిల్లల బడిలో భూగోళం చెప్పారు. నల్లబల్ల మీద ఆసియా పటాన్ని సుద్దముక్క ఎత్తకుండా ఒకే గీతలో గీసేవారట. ఇస్తాంబుల్ దగ్గర మొదలెట్టి, అరేబియా చుట్టి, హిందుస్తాన్ కొసదాకా దిగి, చైనా పొట్ట మీదుగా పైకెక్కి, ఉత్తరాన మంచు సముద్రం వెంబడి తిరిగొచ్చి, మొదలెట్టిన చోటే కలిపేవారు. చెయ్యి వణికేది కాదు. ఒకరోజు వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు, "ఆగా, ఇవన్నీ మీరు చూశారా?" అని. ఆగా అంటే మా దగ్గర అయ్యగారని. మాస్టారు అప్పటికి షీరాజ్ ఒకసారి, మష్హద్ రెండుసార్లు చూశారు, అదీ బస్సులో. ఆ సంగతి చెప్పేస్తే అక్కడితో పోయేది. చెప్పలేదు. "వచ్చే వసంతంలో సైకిలు మీద బయల్దేరుతున్నాను. చైనా దాకా" అనేశారు.

ఎందుకన్నారో ఆయనకే తెలియదు. కాని పిల్లలకు అబద్ధం చెప్పే మనిషి కాదు. నోరు జారాక ఆ మాటను నిజం చెయ్యక తప్పదని, ఆ సాయంత్రమే ఒక లావుపాటి నోటుపుస్తకం కొన్నారు.

ఆ పుస్తకం ఏడు పుస్తకాలైంది. రోజుకు అరవై కిలోమీటర్లు. ఖరానఖ్, తబస్, మష్హద్, ఆపైన సరిహద్దు, మెర్వ్, బుఖారా, సమర్‌కంద్, ఓష్, కాష్గర్, ఇంకా అవతల. ఏ ఊళ్లో ఏ నెలలో పుచ్చకాయలు పండుతాయో, ఏ కొండ కనుమలో ఎప్పుడు మంచు కరుగుతుందో, ఏ పల్లెలో కుక్కలు మంచివి కావో అన్నీ అందులో ఉండేవి. కుక్కల సంగతి ఎలా తెలిసిందని అడిగాను. "లారీ డ్రైవర్లను అడిగానయ్యా" అన్నారు. లారీలో కూర్చున్నవాడికి కుక్కతో ఏం పనో నాకు అర్థం కాలేదు. అయినా అడగలేదు. ఆ పుస్తకాలు నా ముందు విప్పినప్పుడు ఆయన ముఖం చూస్తే అడగబుద్ధి కాదు.

ఏటా చలికాలం చివర సైకిలు నా కొట్టుకు వచ్చేది. ఇరవై ఎనిమిది అంగుళాల నల్ల సైకిలు, ఇనపకడ్డీల బ్రేకులది. వాళ్ల నాన్న కొన్నది. చైనాలోనే తయారైంది. నేను దాన్ని నిలువునా విప్పి, బేరింగు గోళీలు కడిగి, గ్రీజు పెట్టి, చక్రాల బెండు తీసి, మళ్లీ బిగించేవాణ్ణి. "దీనికి దారి చెప్పక్కర్లేదు మాస్టారూ, పుట్టింటికే కదా వెళ్లేది" అనేవాణ్ణి. ఏడాదికోసారి అదే హాస్యం. ఆయనా ఏడాదికోసారి కొత్తగా విన్నట్టే నవ్వేవారు.

వసంతం వచ్చేది. మాస్టారు కదిలేవారు కాదు. ఒక ఏడు మోకాలు. ఒక ఏడు చెల్లెలి కూతురి పెళ్లి. ఒక ఏడు సరిహద్దు మూసేశారు. ఒక ఏడు ఎడారిలో ఎండ ముందే ముదిరింది. ఒక ఏడు ఏ కారణమూ దొరక్క నా దగ్గరికొచ్చి, "ఓస్తా, వెనక టైరు కొంచెం పలచబడినట్టు లేదూ?" అన్నారు. ఆ టైరు నేనే వేశాను, వేసి నెల కూడా కాలేదు. ఆయన నా కళ్లలోకే చూస్తూ నిలబడ్డారు.

"అవును, పలచబడింది" అన్నాను. నా జన్మలో ఒక కొత్త టైరును పాతదన్నది ఆ ఒక్కసారే.

ఎదురుగా మిఠాయి కొట్టు హాజీ మన్సూర్‌ది. పొద్దున్నే బడికి వెళ్లే మాస్టారిని ఆపి, "ఏం మాస్టారూ, చైనాలో వానలు పడ్డాయా?" అనడం అతని దినచర్య. "ఇంకా లేదు హాజీ, పడగానే నీకే మొదట చెబుతా" అని మాస్టారు బెల్లు కొట్టుకుంటూ వెళ్లిపోయేవారు. ఇద్దరికీ అది లేకపోతే తెల్లారినట్టు ఉండేది కాదు.

ఇక ఆయన భార్య తూబా ఖానుమ్, అంటే తూబాగారు. పదునైన మనిషి. వెళ్లొద్దని ఒక్కసారీ అనలేదు, వెళ్లమనీ అనలేదు. ఆవిడ ఏర్పాట్లు ఆవిడవి. మా దగ్గర ఎవరైనా దూరం వెళ్తే, వెళ్లిన మూడో రోజున వాళ్లింట్లో ఆష్ వండాలి. శనగలు, ఆకుకూరలు, పిండి తీగలు వేసి చిక్కగా కాచి, పైన వేయించిన పుదీనా, వెల్లుల్లి వేసి ఇంటింటికీ పంచాలి. తిన్నవాళ్లందరూ వెళ్లినవాడి క్షేమం కోరతారు. అందుకని తూబా ఖానుమ్ ఏటా పుదీనా ఎండబెట్టి, నలిపి, సీసాలో దాచేది. పిండి తీగలు గుడ్డసంచీలో కట్టి పెట్టేది. మాస్టారు ఆగిపోయారని తెలిశాక పిండి తీగలను రంజాన్ నెలలో వండేసేది.

ఒకసారి నా ముందే అడిగింది.

"ఆగా, ఈ ఏడు వెళ్తున్నారా, లేదా? పుదీనా పెరుగులో వేసెయ్యనా, దాచనా?"

"దాచు తూబా. ఈ ఏడు ఖాయం."

"పోయినేడు ఖాయం పుదీనా ఇంకా సీసాలోనే ఉంది. దాని వాసన కూడా విసుగెత్తి వెళ్లిపోయింది. అది కూడా మీకన్నా ముందే బయల్దేరింది."

పోయిన ఏడాది మాస్టారికి పదవీ విరమణ అయింది. చివరి రోజున తరగతిలోకి వెళ్లేసరికి నల్లబల్ల మీద పిల్లలు ఆసియా పటం గీసి ఉంచారట. ఒకే గీత, సుద్ద ఎత్తకుండా. కింద రాశారు: "ఆగా, చైనా ఎలా ఉంది?" వాళ్లు ప్రేమగానే రాశారు. పదకొండేళ్లుగా ఒక తరగతి నుంచి ఇంకో తరగతికి ఆ ముచ్చట అలా దిగుతూ వచ్చింది. మాస్టారు బడినుంచి ఇంటికి వెళ్లకుండా నేరుగా నా కొట్టుకు వచ్చి, బేరానికొచ్చినవాళ్లు కూర్చునే ముక్కాలిపీట మీద కూలబడ్డారు.

"ఓస్తా, ఈసారి వెళ్లకపోతే నేను చెప్పిన ముప్పై ఒక్క ఏళ్ల పాఠం అబద్ధమైపోతుంది."

"వెళ్లండి మరి."

"వెళ్తాను."

ఈసారి గొంతు వేరుగా ఉంది. చలికాలమంతా టెహ్రాన్ తిరిగి, పాస్‌పోర్టులో ముద్రలు వేయించుకొచ్చారు. నేను సైకిలుకు కొత్త చైను, కొత్త టైర్లు, వెనక ఇనప క్యారియరు బిగించాను. ఆ సంవత్సరం పుట్టింటి హాస్యం వెయ్యలేదు. వెయ్యబుద్ధి కాలేదు.

ఖాయమని తెలియగానే సామాన్లు మొదలయ్యాయి. మా ఊళ్లో ఎవరైనా ఏదైనా ఇస్తే మూడుసార్లు వద్దనాలి, నాలుగోసారి తీసుకోవాలి. మాస్టారంత మర్యాదస్తుడు ఇంకొకడు లేడు, ప్రతివాళ్ల దగ్గరా నాలుగోసారి తీసుకున్నారు. హాజీ మన్సూర్ మష్హద్‌లో ఉన్న బావమరిదికి రెండు కిలోల ఖొత్తాబ్ మిఠాయి ఇచ్చాడు. ఎదురింటి ముసలావిడ తబస్‌లో మనవరాలికని ఇత్తడి మూకుడు తెచ్చింది. మసీదులో నమాజుకు పిలిచే ముఅజ్జిన్ సమర్‌కంద్‌లో ఇమ్మని ఒక నమాజు చాప ఇచ్చాడు.

"ఎవరికివ్వాలి?" అన్నారు మాస్టారు.

"ఎవరికైనా సరే. కొంచెం మంచివాడిలా కనిపిస్తే చాలు."

పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టుంది వ్యవహారం. "ఇది సైకిలా, ఒంటెల బిడారా? నేను బిగించిన క్యారియరు మీద దయుంచండి" అని అందరి ముందూ అరిచాను. అందరూ నవ్వి, నన్ను శాంతపరచడానికి ఇంకో సంచీ పిస్తా తెచ్చారు.

మా కొత్త సంవత్సరం నౌరూజ్ పదమూడో రోజు ఆనవాయితీగా జనమంతా తోటల్లో గడిపి వచ్చారు. పధ్నాలుగో రోజు పొద్దున్నే మాస్టారు బయల్దేరారు. తూబా ఖానుమ్ గుమ్మంలో ఖురాన్ ఎత్తి పట్టుకుంటే, ఆయన ముద్దుపెట్టుకుని దాని కిందుగా మూడుసార్లు నడిచారు. సైకిలెక్కగానే ఆవిడ నారింజాకు వేసిన గిన్నెడు నీళ్లు ఆయన వెనక ఒలికించింది. తడి నేల మీద సైకిలు చక్రం గీసిన గీత మలుపుదాకా వెళ్లింది. ఆవిడ కంట్లో చుక్క లేదు. వెక్కి వెక్కి ఏడ్చినవాడు హాజీ మన్సూర్.

"ఇక రేపట్నించి పొద్దున్నే నేనెవర్ని ఏడిపించాలిరా దేవుడా!"

ఆ రోజు సాయంత్రం ఎవరో ఎవరినో నిచ్చెన అడిగారు. అరువు తీసుకున్నవాడు అలవాటుగా నోరు తెరిచి, మూసేసి, ఇంట్లోకి వెళ్లి నిచ్చెన తెచ్చిచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం, ఊరంతా తలుపులేసుకుని కునుకు తీసే వేళ, నా కొట్టు వెనక తలుపు ఎవరో గీరారు. తీశాను. ముఖానికి గుడ్డ చుట్టుకుని, సైకిలు పట్టుకుని మాస్టారు.

"ఎవరూ చూడలేదు కదా?" అన్నారు లోపలికి దూరుతూ.

"నేను చూశాను."

"నువ్వు కాకుండా."

ఏమైందని అడిగాను. వెనక చక్రం ఊగుతోందన్నారు. సైకిలును స్టాండుకెక్కించి చక్రం తిప్పాను. నా చేత్తో బెండు తీసిన చక్రం అది. వెంట్రుకవాసి కూడా ఊగలేదు. అది తిరిగి తిరిగి ఆగేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఆగాక ఆయన నేల చూపులు చూశారు.

"ఏం చెప్పమంటావు ఓస్తా! మొదటి రోజంతా శిష్యులే. ఊరి పొలిమేర చౌకీలో ఒకడు ఆపాడు, 'ఆగా, భోంచెయ్యందే కదలనివ్వను' అన్నాడు. తిన్నాను. పెట్రోలు బంకులో ఇంకొకడు. వాడిదీ తిన్నాను. ఇటుకల బట్టీ దగ్గర మరొకడు, వాడి దగ్గర మూడుసార్లు వద్దన్నాను, నాలుగోసారి కూడా వద్దన్నాను, వాడు ఏడుపు ముఖం పెట్టాడు. పొద్దుగూకేసరికి నాలుగు భోజనాలు, పద్దెనిమిది కిలోమీటర్లు. నాలుగోవాడి పిస్తా తోటలో పడుకున్నాను."

"బాగానే ఉందిగా! ఇలా అయితే చైనా చేరేసరికి ఎద్దులా తయారవుతారు."

"పొద్దున్నే బయల్దేరాను. మన జిల్లా బోర్డు దాటాక ఇంక శిష్యులు లేరు, ఓస్తా. ఎవరూ లేరు. రోడ్డుంది, కొండలున్నాయి, అంతే. పటం మీద ఆ చోట నేను వేలు పెట్టి ఎన్నిసార్లు చూపించానో! ఇంత పెద్దదని వేలికి తెలియలేదు. భయమేసింది. ఒక రాయి మీద రెండు గంటలు కూర్చున్నాను. తర్వాత చూస్తే సైకిలు ఇటువైపు తిరిగి ఉంది."

నాకు కోపం నషాళానికెక్కింది. "పదకొండేళ్లు నాతో గోళీలు కడిగించింది ఆ రాయి మీద కూర్చోడానికా? ఇంటికి వెళ్లండి" అన్నాను.

"ఎలా వెళ్తాను? ఇంకా ఆష్ వండలేదు. పోసిన నీళ్లు ఆరకముందే తిరిగొచ్చినవాడు ఇంటికి అరిష్టం. తూబా ముఖం ఎలా చూడను? ఆ పిల్లల ముఖం ఎలా చూడను?"

"అయితే ఏం చేద్దామని?"

గొంతు తగ్గించి చెప్పారు. నా వెనక కొట్టుగదిలో నాలుగు నెలలు దాక్కుంటారట. ఆపైన ఓ సాయంత్రం దుమ్ము కొట్టుకుని, గడ్డం పెంచుకుని, చైనానుంచి వచ్చినట్టు సందులోకి వస్తారట.

"బుఖారా గురించి బుఖారా వాళ్లకన్నా నాకే ఎక్కువ తెలుసు ఓస్తా. ఏ వీధిలో ఏముందో కళ్లు మూసుకుని చెబుతాను."

"మీ చైనా నా కొట్టుగదిలోనా? పాత టైర్ల మధ్య? ఎండ తగలకుండా నాలుగు నెలలు గదిలో కూర్చున్నవాడు ఎడారి దాటొచ్చానంటే ఎవరు నమ్ముతారు? పాలలో నానేసిన రొట్టెలా ఉంటారు!"

"మధ్యాహ్నాలు నీ డాబా మీద ఎండలో కూర్చుంటాను."

ఆ మాటంటూ ముఖానికి చుట్టిన గుడ్డ విప్పి, మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నారు. ఆయనకు యాభై తొమ్మిదేళ్లు. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని టీ కాచాను.

సాయంత్రం తూబా ఖానుమ్‌కు ఫోను చేశారు. చెయ్యకపోతే ఆవిడ కంగారుపడుతుందని నేనే చెయ్యమన్నాను. కిటికీ దగ్గరికి జరిగి, గొంతు సవరించుకుని మొదలెట్టారు.

"తూబా, ఖరానఖ్ దాటేశాను. చుట్టూ ఎడారి. మనిషి అలికిడి లేదు."

సరిగ్గా అప్పుడే మా సందులోకి ఉప్పువాడి బండి తిరిగింది. ఎండు రొట్టెముక్కలు తీసుకుని ఉప్పు ఇచ్చేవాడు. వాడి మైకు చావుకబురు కూడా పెళ్లికబురులా వినిపిస్తుంది. "ఎండు రొట్టెలోయ్! పాత ఇనుమోయ్! ఉప్పోయ్, ఉప్పు!"

మాస్టారు ఫోను మీద అరచెయ్యి మూశారు. మూసేసరికి రెండు ఉప్పులు అవతలికి వెళ్లే పోయాయి.  అటునుంచి తూబా ఖానుమ్ మెల్లగా అంది.

"చెవులకు గుడ్డ కట్టుకోండి ఆగా. ఎడారి గాలి మంచిది కాదు."

ఫోను పెట్టేసింది. "వినలేదు" అన్నారు మాస్టారు. "వినలేదు" అన్నాను నేను. ఈలోగా ఉప్పుబండి అరుచుకుంటూ వాళ్లింటి గుమ్మం దాకా వెళ్లింది.

ఆ సాయంత్రమంతా మాస్టారు నా కొట్టుగదిలో ఊరికే కూర్చోలేక, ఇరవై ఏళ్లుగా కలగాపులగంగా పడున్న చక్రం పుల్లలన్నీ పొడుగును బట్టి కట్టలు కట్టారు. కడుతూ తనలో తను సమర్‌కంద్ గురించి పాఠం చెప్పుకునేవారు. మధ్యలో ఆగిపోయేవారు. "రంగు ఎలా ఉంటుందో పుస్తకంలో నీలం అని ఉంది. ఎలాంటి నీలమో లేదు" అన్నారోసారి, తలుపు సందులోంచి. నేనేం చెప్పను? నాకు తెలిసిన నీలం నా కొట్టు షట్టరు రంగు ఒక్కటే.

మాస్టారు బయల్దేరిన మూడో రోజు వచ్చింది. పొద్దుట్నించీ తూబా ఖానుమ్ ఇంటి నుంచి పుదీనా వేగిన వాసన సందంతా కమ్ముకుంది. గిన్నెలు పట్టుకుని ఆడవాళ్లు ఇటూ అటూ తిరుగుతున్నారు. పదకొండు గంటలకు ఆవిడే స్వయంగా పళ్లెంలో రెండు గిన్నెలు పెట్టుకుని నా కొట్టుకు వచ్చింది.

"ఇది మీకు ఓస్తా." పైన వేయించిన వెల్లుల్లి కుప్పగా ఉంది.

"మరి ఇది?"

రెండో గిన్నె మీద పుదీనా ఉంది. వెల్లుల్లి లేదు. మాస్టారు వెల్లుల్లి తింటే గంటసేపు ఎక్కిళ్లు పడతారని మా సందులో పిల్లులకు కూడా తెలుసు.

ఆవిడ ముక్కాలిపీట కొట్టుగది వైపు తిప్పుకుని కూర్చుంది. "ఓస్తా, మీ కొట్టుగదిలో ఎలుకలున్నాయా?"

"లేవు ఖానుమ్, లోపల ఎవరూ లేరు!"

"నేను ఎలుకల సంగతి అడిగాను. ఎవరని అడగలేదే?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. నేను ఖాళీ చేతుల్తో ఏదో నట్టు బిగిస్తున్నట్టు నటించాను.

"మా ఆయన ఎక్కడైనా కనిపిస్తే ఒక మాట చెప్పండి" అందావిడ. గొంతు నాకు వినపడటానికి అవసరమైనదానికన్నా పెద్దగా ఉంది.

"ఎడారిలో ఉన్నాయన నాకెక్కడ కనిపిస్తారు?"

"ఏమో. ఎడారిలో మన ఉప్పుబండి కూడా తిరుగుతోంది కదా. ఎవరు ఎక్కడ కనిపిస్తారో ఎవరు చెప్పగలరు?" కొట్టుగదిలో పుల్లల కట్ట ఒకటి నేల మీద పడింది. ఆవిడ తల తిప్పలేదు. "ఆయనకు చెప్పండి. పదకొండేళ్లు పుదీనా ఎండబెట్టాను, ఇవాళ వండాను. ముప్పై ఎనిమిది ఇళ్లకు పంచాను. ముప్పై ఎనిమిది ఇళ్లవాళ్లూ దేవుడు క్షేమంగా చేర్చాలన్నారు. హాజీ మన్సూర్ రెండుసార్లు తిని రెండుసార్లు అన్నాడు. ఇన్నేళ్లూ నేను వద్దంటానని ఆయన ఎదురుచూశారు, నాకు తెలుసు. 'తూబా వద్దంది, అందుకే ఆగిపోయాను' అని చెప్పుకుంటే హాయిగా ఉంటుంది. ఆ మాట నేను అనలేదు. ఇప్పుడూ అనను."

 చున్నీ కొస వేలికి చుట్టి విప్పింది.

"ఆయన లేని ఇల్లు నాకు బాగుంటుందనుకున్నారా? మొన్న సాయంత్రం చెయ్యి అలవాటు కొద్దీ రెండు గ్లాసుల్లో టీ పోశాను. రెండూ నేనే తాగాను, చేదుగా ఉన్నా తాగాను. ఇంటికి వస్తానంటే తలుపు తీస్తాను. ఒక్క మాట అనను, అన్నం పెడతాను. కాని ఒక్క మాట కూడా అనకుండా నేను పెట్టే ఆ అన్నం ఆయన తినలేరు, ఓస్తా. నాకాయన తెలుసు. నాకు భయం ఆయన వెళ్లిపోతారని కాదు. వెళ్లకుండా ఇంట్లో కూర్చుని, బతికినన్నాళ్లూ ఆ పుస్తకాలవంక చూస్తారని."

లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "గిన్నె ఖాళీగా పంపొద్దని కూడా చెప్పండి. మర్యాద తెలిసిన మనిషి, మర్చిపోరులెండి" అని వెళ్లిపోయింది.

గిన్నె తీసుకెళ్లి కొట్టుగది గుమ్మంలో పెట్టి, తలుపు దగ్గరగా వేసేశాను. చెంచా చప్పుడు వినిపించింది. మధ్యలో ఆగింది. మళ్లీ వినిపించింది. ఆ తర్వాత ఎక్కిళ్లు మొదలయ్యాయి, వెల్లుల్లి లేకపోయినా.

మర్నాడు పొద్దున్నే కొట్టు తెరిచేసరికి వెనక తలుపు గడియ తీసి ఉంది. సైకిలు లేదు. గోడ వారగా ఖొత్తాబ్ పెట్టె, ఇత్తడి మూకుడు, నమాజు చాప, పిస్తా సంచీ, అన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. అన్ని బరువులూ నాకే వదిలి, ఒట్టి మనిషిగా వెళ్లారు. ముక్కాలిపీట మీద కడిగి బోర్లించిన గిన్నె. ఎత్తి చూస్తే కింద వాళ్లింటి తాళంచెవి.

తీసుకెళ్లి తూబా ఖానుమ్‌కు ఇచ్చాను. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అయితే ఇంక దొంగచాటుగా దూరలేరన్నమాట" అంది. "వీధిలోంచి వచ్చి తలుపు తట్టాల్సిందే." దాన్ని చున్నీ కొసన ముడేసుకుంది. ముడి రెండోసారి కూడా బిగించింది.

తబస్ నుంచి ఫోను వచ్చింది. మష్హద్ నుంచి వచ్చింది. ఆవిడ "ఊఁ" అనేది, "తిన్నారా?" అనేది, అంతే. హాజీ మన్సూర్ మాత్రం రోజూ నన్ను వేధించాడు, మిఠాయి వాళ్ల బావమరిదికి ముట్టిందా అని. ముట్టే ఉంటుందన్నాను. అప్పటికి ఆ పెట్టెలో నాలుగు ఖొత్తాబ్‌లు మిగిలాయి. చెడిపోతాయి కదా, నేనేం చెయ్యను?

సరిహద్దు దాటాక ఫోను ఆగిపోయింది. తొమ్మిది రోజులు ఏ కబురూ లేదు. హాజీ మన్సూర్ కూడా వేళాకోళం మానేశాడు. తూబా ఖానుమ్ రోజూ సాయంత్రం కొట్లు తెరిచే వేళకు వచ్చి, ఏదో పనున్నట్టు ముక్కాలిపీట మీద కూర్చునేది. నేను ఆవిడ కోసం ఎక్కువ చప్పుడు చేస్తూ పనిచేసేవాణ్ణి. తాళంచెవి ముడిని వేళ్లతో నలుపుతూనే ఉండేది.

పదో రోజు ఆవిడ కూర్చుని ఉండగానే ఫోను మోగింది. తెలియని నంబరు. నేను సుత్తి కింద పెట్టాను. హాజీ మన్సూర్ తన కొట్టు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"తూబా! బుఖారాలో ఉన్నాను. ఎవరో ఫోనిచ్చారు. ఇక్కడ పెద్ద మీనారు ఉంది, దీని ఎత్తు ఎంతంటే..."

"ఆగా, మీరు కాసేపు మాట్లాడకండి" అందావిడ. "ఫోను వీధివైపు పట్టుకోండి."

అటు మాస్టారు మాట ఆపేశారు. బండి చక్రాలు రాళ్ల మీద దొర్లిన చప్పుడు, పావురాలు, ఎవరో నవ్వు వినిపించాయి. తర్వాత ఒక ఆడమనిషి కేక సాగదీస్తూ వినపడింది. "నాన్! నాన్-ఇ గర్మ్!" వేడి రొట్టెలు అమ్ముకుంటోంది. ఆ సాగదీత మా ఊళ్లో ఎవరూ సాగదీయరు.

తూబా ఖానుమ్ ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. నీళ్లు పోసిన రోజున రాని కన్నీళ్లు ఇప్పుడు బొటబొటా రాలాయి. తుడుచుకోలేదు.

"మన మాటే" అంది నావైపు చూసి. "కాని మన వీధి కాదు, ఓస్తా. మన వీధి కాదు."

అప్పుడే మా సందులోకి ఉప్పుబండి తిరిగింది. ఆవిడ లేచి, గుమ్మంలో నిలబడి, ఫోను బయటికి చాచి పట్టుకుంది. ఎండు రొట్టెలోయ్, పాత ఇనుమోయ్, ఉప్పోయ్ ఉప్పని వాడు మా ముందునుంచి మలుపు దాకా అరుచుకుంటూ వెళ్లాడు. బండి వెళ్లిపోయాక ఆవిడ ఫోను మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది. అటునుంచి ఎక్కిళ్లు నాక్కూడా వినిపించాయి.

బుఖారాలో ఎవరో మాస్టారికి వెల్లుల్లి పెట్టి ఉంటారని హాజీ మన్సూర్ అన్నాడు. అదే అయ్యుంటుందన్నాను నేను.